సాంచాలోని సిపాయి

ఇత్వార్ వస్తే కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులోని మా బాల్కనీ చిన్న కార్ఖానా అయిపోతుంది. ఒక స్టవ్వు, ఒక ఇనుప గరిటె, ఒక రబ్బరు సాంచా. కళాయి కరగబోసి వేలెడంత సిపాయిలను తీస్తాను. మా అబ్బాజాన్ బాలానగర్ ఫౌండ్రీలో మోల్డర్‌గా పనిచేశారు. ఇసుకలో అచ్చు తీయడం ఆయన హునర్. నాది వట్టి షౌక్.

మొదట్లో నేను సీసం తెచ్చాను, సస్తా కాబట్టి. అబ్బాజాన్ చూసి గరిటె లాక్కున్నారు. "పిల్లలున్న ఇంట్లో సీసం కరిగిస్తావా బేటా?" అన్నారు. ఆయన మాట హఖ్. సీసం పిల్లల దిమాగ్‌ను దెబ్బతీస్తుంది. అప్పటి నుంచి తగరమే. మొహల్లాల్లో గిన్నెలకు కళాయి పూసేవారే, అదే లోహం. సీసం కరగాలంటే 327 డిగ్రీలు కావాలి, తగరానికి 232 చాలు. సాంచాలో చుక్క తడి ఉన్నా కరిగిన లోహం ఎగజిమ్ముతుంది. అందుకే ముందు బాగా ఆరబెట్టి, పౌడర్ చల్లి, అప్పుడు పోయాలి. ఆ సమయంలో పిల్లలు దర్వాజా అవతలే.

ఈ షౌక్ యూరప్‌ది. 18వ శతాబ్దంలో జర్మనీలోని న్యూరెంబర్గ్ కారీగర్లు పలకరాయిలో అచ్చు చెక్కి, పల్చటి తగరం సిపాయిలను పోసేవారు. 1893లో ఇంగ్లండ్‌లో విలియం బ్రిటన్ బోలు సిపాయిని తెచ్చాడు. లోహం పోసి, అంచులు గట్టిపడగానే మిగిలింది వొంపేయడమే ఆ తర్కీబ్. లోహం ఆదా, ధర తక్కువ.

ఒకరోజు మా బిటియా సిపాయిలను వరుసగా నిలబెట్టి అడిగింది: "అబ్బా, వీళ్లలో మన హైదరాబాద్ సిపాయి ఎవరు?" ఒక్కడూ లేడు. నా దగ్గరున్న సాంచాలన్నీ నెపోలియన్ ఫౌజువీ, ఇంగ్లీషు ఫౌజువీ.

మరుసటి ఇత్వార్ మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగి, గన్‌ఫౌండ్రీకి తీసుకెళ్లాను. మన పెద్దలు దాన్ని తోప్ కా సాంచా అంటారు. 1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో నిజాం అలీ ఖాన్ ఫౌజు ఓడింది. అదే సంవత్సరం ఆయన కొలువులోని ఫ్రెంచి కమాండర్ రేమండ్ ఇక్కడ తోపుల కార్ఖానా కట్టించాడు. కంచు తోపులో రాగి తొమ్మిది పాళ్లుంటే తగరం ఒక పాలు. నా గరిటెలో కరిగేదీ అదే కదా!

రేమండ్‌ను ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసారాం అన్నారు. మూసారాంబాగ్ ఆయన పేరే. కూకట్‌పల్లిలో ఎక్కితే బండి మారకుండానే అక్కడ దిగవచ్చు. 1798 మార్చి 25న ఆయన ఇంతెఖాల్ అయింది. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి ఉంది.

మరి ఆయన సిపాయిలు? వాళ్లు సుమారు 14 వేల మంది. 1798 సెప్టెంబరు 1న నిజాం అంగ్రేజులతో అహద్‌నామా చేసుకున్నారు. ఫ్రెంచి ఆఫీసర్లను పంపేయాలి, ఆరు అంగ్రేజ్ బెటాలియన్లకు ఏటా 24 లక్షల రూపాయలకు పైగా కట్టాలి. ఇక్కడేమో రేమండ్ సిపాయిలకు తన్ఖా బాకీ. కోపంతో వాళ్లు తమ ఆఫీసర్లనే నిర్బంధించారు. అక్టోబరు 22న అంగ్రేజ్ ఫౌజు చుట్టుముట్టింది. లడాయి లేకుండానే హథియార్లు కింద పెట్టించింది.

తారీఖ్ పుస్తకాల్లో ఈ ఖిస్సా ఎత్తుగడగా, ఫతహ్‌గా కనబడుతుంది. నాకు మాత్రం ఇది 14 వేల ఇళ్లలో పొయ్యి సంగతి. ఫౌండ్రీలో పని ఆగిపోయిన రోజుల్లో అమ్మీ బియ్యం డబ్బా అడుగు గీకుతుంటే వచ్చే చప్పుడు నాకింకా యాది ఉంది.

ఇంటికొచ్చాక ఒక పాత సిపాయి టోపీని ఆకురాయితో అరగదీసి, పగ్డీ చుట్టినట్టు మలిచాం. బిటియా దాన్ని కిటికీలో నిలబెట్టి అడిగింది:

"ఇతనికి తన్ఖా ఇచ్చారా అబ్బా?"

అబ్బాజాన్ నావైపు చూశారు. జవాబు నన్నే చెప్పమన్నట్టు.