చింతకాయ దులిపేటప్పుడు నిచ్చెనతో జాగ్రత్తలు

చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో జనవరి నుంచి ఏప్రిల్ వరకు చింతకాయ దులిపే పనులు సాగుతాయి. పండును త్వరగా హిందూపురం మార్కెట్‌కు చేర్చాలనే తొందరలో నిచ్చెన జారితే, పదడుగుల ఎత్తు నుంచి పడినా వెన్నెముక విరగవచ్చు. రైతు సోదరులు ఈ జాగ్రత్తలు పాటించాలి.

• వెదురు నిచ్చెనకు పగుళ్లు, పురుగు తిన్న చోట్లు, వదులైన మెట్లు ఉంటే వాడవద్దు. విరిగిన మెట్టుకు తాడు చుట్టి సరిపెట్టవద్దు.

• నిచ్చెన కాళ్లు గట్టినేలపై ఆనాలి. కింద రాళ్లు, ఇటుకలు పెట్టవద్దు.

• 12 అడుగుల ఎత్తులో ఆనించే నిచ్చెన కాళ్లు మానుకు 3 అడుగుల దూరంలో ఉండాలి.

• పైకొసను బలమైన కొమ్మకు తాడుతో కట్టండి. కట్టేవరకు కింద ఒకరు గట్టిగా పట్టుకోవాలి.

• ఖాళీ చేతులతో ఎక్కండి. కొడవలిని, గడను తర్వాత తాడుతో పైకి లాక్కోండి.

• కాయ అందకపోతే పక్కకు వంగవద్దు. దిగి నిచ్చెన జరపండి.

• చెట్టుకు దగ్గరగా కరెంటు తీగలుంటే అల్యూమినియం నిచ్చెన, ఇనుప గడ అసలు వాడవద్దు. తడిసిన వెదురుకూ షాక్ కొడుతుంది. లైన్‌మన్‌తో సరఫరా ఆపించాకే చెట్టెక్కండి.

ఎవరైనా పడితే లేపి కూర్చోబెట్టవద్దు, బైకుపై తీసుకెళ్లవద్దు. వెన్నెముక దెబ్బ ముదిరి కాళ్లు పడిపోవచ్చు. కదపకుండా ఉంచి వెంటనే 108కు ఫోన్ చేయండి.