పుట్టపర్తి 'శివతాండవం': ప్రొద్దుటూరు నేపథ్యం, ప్రకృతి, గేయలయ

ఉపోద్ఘాతం

పుట్టపర్తి నారాయణాచార్యుల (1914–1990) రచనల్లో 'శివతాండవం' పొందిన ప్రచారం మరే రచనా పొందలేదు. పాఠ్యాంశంగా, నృత్యాంశంగా, సభల్లో కంఠస్థంగా వినిపించే గేయంగా అది పలు రూపాల్లో జీవించింది. అయితే విమర్శలో ఈ కావ్యాన్ని ఎక్కువగా శైవభక్తి కోణం నుంచో, శబ్దవైభవం కోణం నుంచో చూడటం జరిగింది. ఇది మొదట ఒక పాట అన్న సంగతీ, ఆ పాట ప్రకృతివర్ణనతోనే మొదలవుతుందన్న సంగతీ చర్చలో వెనుకబడ్డాయి. రచయితే గాయకుడై తన గేయాన్ని అభినయపూర్వకంగా సభల్లో వినిపించిన సందర్భం ఆధునిక తెలుగు సాహిత్యంలో తరచుగా కనిపించేది కాదు. కాబట్టి శివతాండవాన్ని గేయచరిత్రలో భాగంగా పునఃపరిశీలించవలసి ఉంది.

ప్రొద్దుటూరు, పెన్న, పుష్పగిరి

పుట్టపర్తి అనంతపురం జిల్లా చియ్యేడులో జన్మించాడు. పెనుకొండలో పెరిగాడు. సాహిత్యంతో పాటు సంగీత, నాట్యాలను చిన్ననాడే అభ్యసించాడు. అధ్యాపకుడిగా ఆయన జీవితం కడప జిల్లాతో, అందులోనూ ప్రొద్దుటూరుతో ముడిపడింది. శివతాండవం రూపుదిద్దుకున్నది ప్రొద్దుటూరులోనే. అక్కడి అగస్త్యేశ్వరాలయంలో ప్రదక్షిణలు చేస్తూ కవి ఈ గేయాన్ని కూర్చాడన్న కథనం సాహిత్యలోకంలో ప్రసిద్ధం. కథనంలోని వివరాల మాట ఎలా ఉన్నా, నడకలో పుట్టిన రచన అనే భావన కావ్యలయకు అతికినట్టు సరిపోతుంది.

పెన్న గండికోట వద్ద కొండలను చీల్చుకొని, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల మీదుగా సాగి వల్లూరు మండలంలోని పుష్పగిరిని చేరుతుంది. ఏడాదిలో అధికభాగం నీటికన్నా ఇసుకే ఎక్కువగా కనిపించే నది ఇది. ఈ నేల మీద నిలిచి చూస్తే, శివతాండవం ఆరంభంలోని సెలయేళ్లు, చిగురించిన తరువులు, రంగురంగుల మబ్బులు కరవుసీమ కవి కన్న కలగా తోచవచ్చు. ఈ వ్యాఖ్య ఆకర్షణీయమే కాని, దానికి కావ్యంలో ఆధారం స్వల్పం. స్థలాన్ని స్థలంగా వర్ణించదలచినప్పుడు పుట్టపర్తి ఎలా రాస్తాడో చూపడానికి 'పెనుగొండలక్ష్మి' ఉంది. చిన్న వయసులో రాసిన ఆ కావ్యంలో శిథిలమైన కోటలు, గతించిన విజయనగర వైభవం ప్రత్యక్షమవుతాయి. తర్వాత విద్వాన్ పరీక్షకు తానే రాసిన ఆ పుస్తకాన్ని పాఠ్యగ్రంథంగా చదవవలసి రావడం తెలుగు సాహిత్యచరిత్రలో ఒక వింత. శివతాండవంలోని ప్రకృతి అటువంటిది కాదు. దానికి ఊరి పేరు లేదు. అది నాట్యం కోసం సిద్ధమవుతున్న రంగస్థలం.

ప్రొద్దుటూరు పరిసరాలు కవికి మరొక విధంగా తోడ్పడి ఉండవచ్చు. పుష్పగిరిలో చెన్నకేశవుడు, సంతాన మల్లేశ్వరుడు ఒకే ప్రాకారంలో కొలువున్నారు. ఆలయ గోడలపై నర్తనశిల్పాలు బారులు తీరి ఉన్నాయి. శ్రీవైష్ణవ కుటుంబంలో పుట్టిన కవి శివుని నాట్యాన్ని గానం చేయడాన్ని పండితలోకం ఆశ్చర్యంగా చెప్పుకుంటూ వచ్చింది. కాని హరిహరులు ఒకే గోడల నడుమ వెలసిన సీమలో అది అంత ఆశ్చర్యం కలిగించవలసిన విషయం కాదు.

గతి, పల్లవి

కావ్యారంభం చతురస్రగతిలో నడుస్తుంది. నాలుగేసి మాత్రల గణాలు తడబాటు లేకుండా వరుసగా సాగుతాయి. సంధ్యాకాశం, మబ్బులు, చెట్లు, పక్షులు ఒక్కొక్కటిగా వచ్చి ఆనందంలో పాలుపంచుకుంటాయి. పక్షుల పలుకుల్లో వేదధ్వని వినిపిస్తుంది. ఇక్కడ ప్రకృతి కేవల నేపథ్యం కాదు, ప్రేక్షకసమూహం. నాట్యం ఇంకా మొదలుకాలేదు. చూడవలసినవాళ్లు మాత్రం ముందుగానే చేరుకున్నారు.

తాండవం మొదలవగానే గతి మారుతుంది. అయిదేసి మాత్రల ఖండగతి ప్రవేశిస్తుంది. పాదార్ధాల చివర 'ఆడ' అన్న క్రియ మళ్లీ మళ్లీ తాళం వేసినట్టు వస్తుంది. ఇంతవరకూ వెలుపల ఉన్న ప్రకృతి ఇప్పుడు శివుని శరీరం మీదికి చేరుతుంది. నది తలపై అలలుగా కదులుతుంది, చంద్రుడు పూవుగా ఊగుతాడు, ముంగురులు నుదుట చెరలాడుతాయి. గంగను 'చదలేరు' అనడం గమనార్హం. సంస్కృతనామంతో దూరంగా నిలిచే దేవనది, ఆ అచ్చతెనుగు మాటతో ఊరి ఏరులకు చుట్టమవుతుంది. నటరాజనాట్యాన్ని విశ్వచలనానికి ప్రతీకగా ఆనంద కుమారస్వామి వ్యాఖ్యానించిన 'ది డాన్స్ ఆఫ్ శివ' 1918లో వెలువడింది. ఆయన తాత్త్వికంగా వివరించిన భావాన్ని పుట్టపర్తి వివరించే ప్రయత్నమే చేయలేదు. అంగాంగాన కదలికగా చూపించాడు.

ఇక పల్లవి. శివుడు ఆడాడని, పాడాడని చెబుతూ 'అమ్మా' అని పిలిచే ఆ మకుటం శాస్త్రీయ స్తోత్రానిది కాదు. తాను చూసిన వింతను ఒక స్త్రీ తోటి స్త్రీకి చెప్పే జానపదగేయ సంబోధన అది. కోలాటపు పాటల్లో, ఇంటి పాటల్లో ఈ పిలుపు సర్వసాధారణం. ఒకరు చరణం అందుకుంటే తక్కినవారు పల్లవి అందుకోవడానికి అనువైన నిర్మాణం కూడా ఇదే. పండితకవి తన పదసంపదను ఏ మాత్రం తగ్గించుకోకుండానే దానికి పల్లెపాట చట్రం తొడిగాడు. శివతాండవం అర్థం పూర్తిగా తెలియని శ్రోతలను సైతం ఆకట్టుకోవడానికి కారణాన్ని శబ్దాడంబరంలో కన్నా ఈ చట్రంలో వెతకడం సమంజసం.

గేయచరిత్రలో స్థానం

గురజాడ 1910లో ముత్యాలసరాన్ని ప్రయోగించాడు. నండూరి 'ఎంకి పాటలు' 1925లో పుస్తకరూపం దాల్చాయి. ఆ తరువాత మాత్రాఛందస్సు భావకవుల, అనంతరం అభ్యుదయకవుల సొత్తుగా స్థిరపడింది. పద్యంలో ఆరితేరిన పండితులు గేయం వైపు రావడాన్ని ఒక మెట్టు దిగడంగా భావించే ధోరణి చాలాకాలం ఉంది. పుట్టపర్తి ఆ భావనను లక్ష్యపెట్టలేదు. కాళిదాసు యక్షుని స్థానంలో రాజకీయ ఖైదీని నిలిపి 'మేఘదూతం' గేయకావ్యంగా రాశాడు. రామకథను 'జనప్రియ రామాయణం'గా మాత్రాఛందస్సులోనే చెప్పాడు. శివతాండవాన్ని విడిగా మెరిసిన అద్భుతంగా కాక, ఈ వరుసలో ఉంచి చూసినప్పుడే కవి ఎంపిక స్పష్టమవుతుంది.

ఇక్కడే అధ్యాపకులకు ఒక ఇబ్బంది ఎదురవుతుంది. తరగతిగదిలో శివతాండవం అచ్చుపుటగా మాత్రమే మిగులుతోంది. నాట్యపు జతులు కావ్యంలో యథాతథంగా చేరిన చోట, వాటిని ఎన్నడూ విననివారికి అవి అర్థంలేని అక్షరాల గుంపు. టీకాతాత్పర్యాలు వాటిని దాటవేస్తాయి. చరణాల తాళవిభాగాన్ని సూచించే పాఠం విద్యార్థి చేతికి అందదు.

శివాలాస్యం ఈ లోటును ఇంకా స్పష్టంగా చూపుతుంది. 'గిరికన్నె' ఆటను వర్ణించే ఆ భాగపు పల్లవి కూడా ఖండగతిలోనే ఉంది. మాత్రలు లెక్కిస్తే తాండవపు పల్లవికీ లాస్యపు పల్లవికీ భేదం లేదు. అయినా రెండూ ఒకటిగా వినిపించవు. లాస్యంలో సరళాక్షరాలు, అనునాసికాలు ముందుకు వస్తాయి, ఊపిరి నిడివి మారుతుంది, కాలప్రమాణం నెమ్మదిస్తుంది. ఛందోగణనకు అందని ఈ తేడా గొంతు విప్పి పాడినప్పుడే తెలుస్తుంది. పుట్టపర్తి దాన్ని పుటపై గుర్తించి పెట్టలేదు. పాడేది తానే కనుక ఆయనకు ఆ అవసరం కలగలేదు.