పాత బాడీ – కొత్త ఛాసిస్

బాడీ వేరు, ఛాసిస్ వేరని గ్యారేజీలో పనిచేసిన మన మిత్రులకు చెప్పనక్కరలేదు. 1947లో అమెరికాలో షెవర్లే కంపెనీ తెచ్చిన 3100 పికప్ ట్రక్కుకు ముందు చక్రాలు రెండింటికీ కలిపి ఒకటే ఇరుసు. బ్రేకులన్నీ డ్రమ్ బ్రేకులే. నేటి వేగానికి అవి చాలవని, అక్కడి అభిమానులు కొందరు ఆ బాడీని అదే కంపెనీ 1980లలో తెచ్చిన ఎస్-10 ఛాసిస్‌పై బిగిస్తున్నారు. దానికి ముందువైపు డిస్క్ బ్రేకులు, కాయిల్ స్ప్రింగులు ఉంటాయి.

3100 వీల్‌బేస్ 116 అంగుళాలు. పొడుగు తొట్టి ఎస్-10ది 117.9. ఈ కొద్ది తేడా సర్దకపోతే చక్రం మడ్‌గార్డు నడిమికి రాదు. బాడీ మౌంటింగులూ కొత్తగా వెల్డింగు చేయాలి.

ప్రాణరక్షణకు ఇది మంచిదే. అయితే ముఖం మిగిలినా నడక పోతుంది. ఆనాటి బండి ఎలా నడిచేదో రేపటివారికి తెలియాలంటే, విప్పిన పాత ఛాసిస్‌ను తుక్కుకు అమ్మకుండా దాచాలని నా మనవి.