తాహితీలో గాలి, ఆదోనిలో కరువు

ఆదోని నుంచి తూర్పుకు వెళ్లినా పడమరకు వెళ్లినా సముద్రం మూడు వందల కిలోమీటర్లకు పైనే దూరం. ఎమ్మిగనూరు మగ్గం మీద కూర్చున్న నేతగాడికి గానీ, మార్కెట్ యార్డులో పత్తి బోరేల పక్కన ధర కోసం పడిగాపులు పడే రైతుకు గానీ సముద్రమట్టం గురించి పట్టించుకోవాల్సిన పని లేదనిపిస్తుంది. కానీ ఈ నల్లరేగడిలో వాన పడుతుందా లేదా అన్నది చాలా ఏళ్లలో తేలేది పసిఫిక్ మహాసముద్రంలోనే.

1876లో అదే జరిగింది. ఆ సంవత్సరం పేరు ధాత. మన పెద్దలు ఇప్పటికీ 'ధాత కరువు' అనే అంటారు. అప్పట్లో ఆదోని బళ్లారి జిల్లాలో తాలూకా. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాకే కర్నూలు జిల్లాలో కలిసింది. వానలు మొహం చాటేశాయి. మద్రాసు నుంచి బొంబాయికి ఆదోని మీదుగా వేసిన రైలు మార్గానికి అప్పటికి అయిదేళ్లు. అంటే గింజలు తెచ్చే దారి ఉంది, కొనే శక్తే జనానికి లేదు. కరువు సాయాన్ని పర్యవేక్షించి ఖర్చు తగ్గించడానికి వైస్రాయ్ లిట్టన్ సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపాడు. కరువు పనులకు వచ్చిన కూలీకి ఆయన తేల్చింది రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర. పౌను అంటే దాదాపు 450 గ్రాములు. రోజంతా కంకర కొట్టే మనిషికి! మద్రాసు ఆరోగ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఇది చాలదని గట్టిగా పోట్లాడాడు. కొన్ని నెలలకు కొలత పెంచారు గానీ, ఆలోపే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగోవంతు తగ్గారు.

వానలు ఎందుకు తప్పాయో అప్పుడెవరికీ తెలియదు. 1904లో భారత వాతావరణ శాఖ పగ్గాలు పట్టిన గిల్బర్ట్ వాకర్ అసలు గణిత శాస్త్రజ్ఞుడు. ప్రపంచం నలుమూలల గాలి ఒత్తిడి లెక్కలు తెప్పించి, ఏళ్ల తరబడి కూడికలు తీసివేతలు చేసి, పసిఫిక్‌లో ఒక వైపు ఒత్తిడి పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుందని, ఇటు పెరిగితే అటు తగ్గుతుందని పట్టుకున్నాడు. ఈ ఊగిసలాటకు ఇవాళ్టికీ కొలబద్ద తాహితీ ద్వీపానికి, ఆస్ట్రేలియాలోని డార్విన్‌కు మధ్య ఉన్న ఒత్తిడి తేడాయే. దీనికీ, పసిఫిక్ నీళ్లు మామూలు కన్నా వేడెక్కే ఎల్‌నినోకూ ఉన్న ముడి 1960ల చివర్లో గాని బయటపడలేదు. ధాత కరువు వెనకున్నది భారీ ఎల్‌నినో అని ఇప్పుడు తెలుసు. అప్పటి తప్పు బొగ్గు పొగది కాదు. కానీ వేడెక్కిన భూమి మీద అదే ఎల్‌నినో వచ్చినప్పుడు దెబ్బ మరింత గట్టిగా తగులుతోంది.

2015-16 ఎల్‌నినోనే చూడండి. 2015లో దేశంలో నైరుతి వాన సగటు కన్నా 14 శాతం తక్కువ. అదే సమయంలో పసిఫిక్‌లోని మార్షల్ దీవుల్లోనూ వానల్లేవు. అక్కడి నేల సగటున సముద్రానికి రెండు మీటర్ల ఎత్తున ఉంటుంది. రాజధాని మజురోకు మంచినీళ్లు ఎక్కడివో తెలుసా? విమానాశ్రయం రన్‌వే మీద పడిన వాననీటిని మళ్లించి చెరువుల్లో పట్టుకుంటారు. 2016 ఆరంభంలో అక్కడ కరువు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు. ఇక్కడ కోసిగి, ఎమ్మిగనూరు పల్లెల్లో వాన లేని ఏడు ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. 'సుగ్గికి పోతున్నాం' అంటారు. బియ్యం మూటలు, వంటగిన్నెలు, చంటిబిడ్డలతో బొలెరోలు గుంటూరు మిరప చేల వైపు కదులుతాయి. తాళం వేసిన ఇళ్ల వీధిలో ముసలివాళ్లు మిగులుతారు. పిల్లల చదువు పోకుండా సీజనల్ హాస్టళ్లు పెట్టాల్సి వస్తోంది.

వలసపోవడానికి మనకు గుంటూరు ఉంది. దీవి మునిగితే వాళ్లకు ఎక్కడుంది? 1989 నవంబరులో చిన్న దేశాలు మాల్దీవుల రాజధాని మాలెలో సమావేశమై అడిగింది ఇదే. మరుసటి ఏడాది జెనీవాలో చిన్న ద్వీప దేశాల కూటమి పుట్టింది. ఇప్పుడు అందులో 39 సభ్యులు. 1991లో వనువాటు ఒక ప్రతిపాదన పెట్టింది: పొగ వదిలిన సంపన్న దేశాలు డబ్బు వేసి ఒక బీమా నిధి పెట్టాలి, సముద్రం నేలను మింగినప్పుడు అందులోంచి చెల్లించాలి. ఎవరూ పట్టించుకోలేదు. 2015 పారిస్ ఒప్పందంలో మార్షల్ దీవుల మంత్రి టోనీ డిబ్రమ్ పెద్ద దేశాలను కూడగట్టి భూమి వేడి పెరగడాన్ని 1.5 డిగ్రీల దగ్గర ఆపే ప్రయత్నం చేయాలన్న మాటను రాయించగలిగాడు. నష్టం, హాని గురించి ఒక అధికరణం కూడా దక్కింది. వెంటనే ఆ సభ తీర్మానంలో మెలిక పెట్టారు, ఈ అధికరణం ఆధారంగా బాధ్యత అంటగట్టడానికి గానీ పరిహారం అడగడానికి గానీ వీల్లేదని. టెంపుల్ పౌను లెక్క చదివినవాడికి ఇది కొత్తేమీ కాదు. ఇస్తే తీసుకో, హక్కుగా అడగకు. మన దగ్గర 1880లో కరువు కమిషన్ నివేదిక వచ్చాకే కరువులో ప్రాణాలు కాపాడటం సర్కారు బాధ్యత అని తెల్లదొరలు కాగితం మీద ఒప్పుకున్నారు. అది కూడా అన్ని లక్షల మంది పోయాక.

ఈ దీవుల్లో మనవాళ్లూ ఉన్నారు. 1903 నుంచి మద్రాసు ఓడల్లో ఫిజీ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువాళ్లు చాలామంది. 1926లో తమిళులతో కలిసి సంగం పెట్టుకున్నారు, బడులు కట్టారు. 2014లో ఫిజీ తీరంలోని వునిదోగోలోవా అనే ఊరు ఊరంతా సముద్రానికి దూరంగా ఎత్తు మీదికి మారింది. 2017 వాతావరణ సదస్సుకు ఫిజీ అధ్యక్షత వహించింది. ఒక చిన్న ద్వీప దేశానికి ఆ కుర్చీ దక్కడం అదే మొదలు. అంతమందికి ఆతిథ్యం ఇచ్చే వసతి లేక సభ జర్మనీలోని బాన్‌లో జరిపారు.

మరి మన దేశం ఎటువైపు? ఇబ్బందికరమైన ప్రశ్నే. తలసరి పొగ మాది తక్కువ, ముందు మీరు తగ్గించండి అని సంపన్న దేశాలతో మన వాదన న్యాయమైనదే. కానీ దీవులకు ఓపిక పట్టే తీరిక లేదు. 2010లో కాన్‌కున్ వాతావరణ సదస్సులో పర్యావరణ మంత్రి జైరాం రమేశ్, అప్పుడు ఆయన మన ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభ సభ్యుడు, అన్ని దేశాలూ తగిన చట్టబద్ధ రూపంలో కట్టుబాట్లు తీసుకోవాలన్నాడు. దీవులు కోరేదానికి అది కాస్త దగ్గరి మాట. ఢిల్లీలో దుమారం రేగింది. 2021లో గ్లాస్గో సదస్సు చివరి గంటల్లో బొగ్గు వాడకం 'ఆపడం' కాస్తా 'తగ్గించడం'గా మారడానికి పట్టుబట్టింది మనమే. మార్షల్ దీవుల ప్రతినిధి సభలోనే బాధ వెళ్లగక్కింది. బొగ్గు కరెంటు ఆదోని జిన్నింగ్ మిల్లులకూ కావాలి, నిజమే. వాన ఆదోని పత్తికీ కావాలి.

వనువాటు అడిగిన 31 ఏళ్లకు, 2022లో షర్మ్ అల్ షేక్ సదస్సులో నష్టం, హాని నిధికి ఒప్పుకున్నారు. 2025 జూలై 23న అంతర్జాతీయ న్యాయస్థానం, వనువాటు చొరవతో వచ్చిన కేసులోనే, వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టపరమైన బాధ్యత అని, దాన్ని ఉల్లంఘిస్తే పరిహారం దాకా వెళ్లవచ్చని సలహా అభిప్రాయం ఇచ్చింది. షర్మ్ అల్ షేక్‌లో ఒప్పుకున్న ఆ నిధి తొలి విడతకు కేటాయించింది 25 కోట్ల డాలర్లు. అందులో కనీసం సగం చిన్న దీవులకు, బాగా వెనకబడిన దేశాలకు. మన దేశం ఆ రెండు జాబితాల్లోనూ లేదు. కోసిగి వలస కూలీ పేరు మీద ఢిల్లీ ఎప్పుడైనా అడిగితే, మిగతా వర్ధమాన దేశాలన్నిటితో కలిసి రెండో సగం కోసం వరసలో నిలబడాలి.