గుహ వాకిట్లో కుక్క, రొయ్యల గుంట గట్టున కుక్క

వెంకటాచలం దగ్గర రొయ్యల గుంటల కాపలాకి మా ఖాలాజాన్ కొడుకు మాస్టిఫ్ జాతి కుక్కపిల్లని తెచ్చాడు. ఏడాది తిరిగేసరికి అది దూడంత అయింది. ఇంట్లో బహస్ మొదలైంది.

"కుక్క ఉన్న ఇంట్లోకి ఫరిష్తాలు రారు" అంది ఖాలాజాన్.

"దొంగలు కూడా రారు అమ్మీ" అన్నాడు వాడు.

ఫైసలా నన్ను చెప్పమన్నారు. నేను ఆలిమ్‌ని కాను. తారీఖ్ పుస్తకాలు తిరగేసేవాణ్ణి. నాకు తెలిసింది చెప్పాను.

ఊరికే కుక్కని ఉంచుకుంటే రోజూ సవాబు తగ్గుతుందన్న హదీసు నిజమే. కానీ అదే హదీసులో వేటకుక్కకి, మందకుక్కకి, చేనికుక్కకి మినహాయింపు ఉంది. చాలామంది ఫుఖహా ఇంటి కాపలాని కూడా అందులోనే చేర్చారు. శిక్షణ పొందిన వేటకుక్క పట్టి తెచ్చింది తినవచ్చని సూరె మాయిదా 4వ ఆయత్ చెబుతుంది. కుక్క నజాసత్ మీద ఇమాముల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది. షాఫయీలు కుక్క మొత్తం నజిస్ అంటారు. మన హనఫీలకి దాని లాలాజలం నజిస్. మాలికీలు బతికున్న కుక్కని పాక్‌గానే లెక్కిస్తారు.

ఇక మాస్టిఫ్‌ల సంగతి. 1615లో ఇంగ్లండ్ సఫీర్‌గా సర్ థామస్ రో సూరత్‌లో దిగాడు. జహంగీర్ బాద్షాకి తోహ్ఫాగా వచ్చిన ఇంగ్లీషు మాస్టిఫ్‌ల కథని, రో దగ్గర పాదిరీగా ఉన్న ఎడ్వర్డ్ టెర్రీ తన సఫర్‌నామాలో రాశాడు. ఓడ ఎక్కించిన వాటిలో రెండే బతికి బయటపడ్డాయట. అందులో ఒకటి తెంచుకుపోయి ఏనుగు తొండం పట్టుకుని వేలాడింది. ఆఖరికి ఏనుగే విదిలించి పారేసింది. ఆ కబురు విని బాద్షా మురిసిపోయాడు. ఒక్కో కుక్కకి నలుగురు నౌకర్లు. ఇద్దరు పల్లకీ మోస్తే ఇద్దరు ఈగలు తోలాలి. బాద్షా తన చేత్తో తినిపించడానికి వెండి పటకారు చేయించాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం గుంటల దగ్గరికి వెళ్లాను. కుక్క మూరెడు గొలుసుతో ఎండలో ఉంది. నాలుక వేలాడేసి రొప్పుతోంది. నీళ్ల గిన్నె బోర్లా పడి ఉంది. అంత బరువు శరీరం, పొట్టి మూతి ఉన్న జాతి వేడికి తట్టుకోలేదు. నెల్లూరు ఎండ దానికి ప్రాణం మీదికి తెస్తుంది. పగలంతా కట్టేస్తే కోపిష్టిది అవుతుంది. అప్పుడు దొంగకీ, గుంటలో మేత వేసే కూలీకీ తేడా చూడదు.

మా వాణ్ణి ఒకటే అడిగాను: "పల్లకీ వద్దులే. పందిరైనా వేయలేవా?"

దాహంతో ఉన్న కుక్కకి నీళ్లు తోడిపోసినవాడికి మగ్ఫిరత్ దొరికిందని బుఖారీలో ఉంది. ఇంట్లో దాని మీద బహస్ చేసిన మాకెవరికీ ఆ హదీసు గుర్తు రాలేదు.

ఇప్పుడు గట్టున తాటాకు పందిరి, నీళ్ల తొట్టి ఉన్నాయి. గొలుసు తీసేసి చుట్టూ కంచె వేశారు. పొద్దున్నే, మగ్రిబ్ తర్వాత తిప్పుతున్నారు. ఖాలాజాన్ దాన్ని ఇప్పటికీ ముట్టుకోదు. కానీ జుమా రోజు సూరె కహఫ్ చదివి, గుహ వాకిట్లో ముంగాళ్లు చాచి కూర్చున్న ఆ కుక్క ప్రస్తావన దాటాక, "గుంట దగ్గర దానికి అన్నం పెట్టారా?" అని అడుగుతోంది.