సమాధిలోని గంట

మనిషి మరణించినాడని నిశ్చయించుట యెట్లు? ఊపిరి నిలుచుట, నాడి అందకుండుట, ఒడలు చల్లబడుట చాలునని లోకము చిరకాలము నమ్మెను. 1740లో పారిస్ నగరమున విన్‌స్లో అను శరీరశాస్త్రజ్ఞుడు ఈ గుర్తులలో ఏదియు పూర్తిగ నమ్మదగినది కాదనియు, శరీరము క్రుళ్ళనారంభించుట యొక్కటియే తిరుగులేని చిహ్నమనియు వాదించెను. రెండేండ్లకు బ్రూయియే అను వైద్యుడు ఆ లాటిను వ్యాసమును ఫ్రెంచిలోనికి మార్చి, చనిపోయిరనుకొనగా లేచి కూర్చున్నవారి కథలను అనేకము చేర్చెను. వానిలో పెక్కు విన్నవే కాని కన్నవి కావు. అయినను శవమును పూడ్చు ఆచారముగల ఐరోపా జనులకు నిద్రపట్టకుండ జేయుటకు అవి చాలెను. మట్టి క్రింద, చీకటిలో మెలకువ వచ్చినచో పిలిచిన పలుకువారెవరు?

ఈ భయము పామరులకే పరిమితము కాలేదు. 1799లో అమెరికా ప్రథమాధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ మరణశయ్యపై నుండి, మూడు దినములు గడువక తన దేహమును సమాధిలో నుంచవలదని కోరెను. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ 1895 నాటి వీలునామాలో, తన రక్తనాళములను కోసి, సమర్థులైన వైద్యులు మరణమును ధ్రువపరచిన పిమ్మటనే దహనము చేయవలెనని వ్రాసెను.

జర్మనీవారు విన్‌స్లో మాటను అక్షరాల పాటించిరి. హుఫెలాండ్ అను వైద్యుని ప్రోద్బలమున 18వ శతాబ్ది చివర వైమార్ పట్టణమున శవనిరీక్షణ గృహమొకటి వెలసెను. తరువాత మ్యూనిక్ మున్నగు నగరములును ఆ దారి పట్టెను. శవములను పూల నడుమ పరుండబెట్టి, వ్రేళ్ళకు తీగ తగిలించి, దానిని కావలివాని గదిలోని గంటకు కలిపెడివారు. శరీరము ఉబ్బినపుడు వ్రేలు కదలి గంట మ్రోగుటయు కలదు. అర్ధరాత్రమున ఆ కావలివాని గుండె ఏమయ్యెడిదో! ఇన్ని దశాబ్దములు కాచినను, మృతుడొకడు అచట లేచివచ్చెనని నిర్ధారణయైన ఉదంతము కానరాదు.

ఇక శవపేటికల సంగతి. 1868లో అమెరికాలో ఫ్రాంజ్ వెస్టర్ అనునతడు పేటెంటు పొందిన పేటికకు నేలపైకి వచ్చు గొట్టము, అందులో ఎక్కివచ్చుటకు నిచ్చెన, లాగుటకు గంటత్రాడు ఉండెను. 1897లో రష్యా చక్రవర్తి కొలువునందలి కార్నిస్-కార్నికీ ప్రభువు ఇంకను సూక్ష్మమైన యంత్రమును కల్పించెను. శవము రొమ్ముపై నుంచిన గోళము ఏమాత్రము కదలినను గొట్టము తెరచుకొని గాలి లోపలికి పోవును. పైన జెండా లేచును, గంట మ్రోగును. క్రుళ్ళు దేహము సైతము కదలునన్నదే దాని లోపము.

విచిత్రమేమన, సమాధానము అప్పటికే లభించియుండెను. 1816లో లాయెనెక్ స్టెతస్కోపును కనుగొనెను. తరువాత రోము నగరపు ఆచార్యుడు మానీ, మరణమును నిశ్చయించు పద్ధతి చూపినవారికి 1,500 ఫ్రాంకుల బహుమతి యేర్పరచెను. ముప్పదియేండ్లు నిండని బూషూ అను ఫ్రెంచి వైద్యుడు, స్టెతస్కోపుతో రెండు నిమిషములు ఆలకించినను గుండెచప్పుడు వినబడనిచో మరణము నిశ్చయమని 1846లో ప్రతిపాదించి, 1848లో దానిని గెలుచుకొనెను. రెండు నిమిషములు చాలవని కొందరు పండితులు ఆక్షేపించిరి. యంత్రకారులు మాత్రము గంటలు కట్టుట మానలేదు. అడిగెడివారుండగా వారేల మానుదురు?

ఇరువదవ శతాబ్దిలో ఊపిరాడించు యంత్రములు వచ్చినంతనే పాత ప్రశ్న మరల లేచినది. మెదడు నశించినను గుండె కొట్టుకొనుచుండును. 1968లో హార్వర్డు వైద్యుల సంఘమొకటి అట్టి స్థితికి లక్షణములను నిర్ణయించెను. అవయవదానమును గూర్చి 1994లో భారతదేశమున వచ్చిన చట్టము క్రింద, మెదడు కాండపు మరణమును నలుగురు వైద్యుల మండలి నిర్ధారింపవలెను. ఒకమారు పరీక్షించి, కనీసము ఆరుగంటలు వేచి, వారు మరల పరీక్షింతురు.