గుడ్డ ఫిల్టరు, కాగితం ఫిల్టరు: మన లారీల చరిత్రలో ఒక చిన్న సామాను

తిరుచెంగోడు, నామక్కల్, సంకగిరి చుట్టుపక్కల ఉన్న మన తెలుగు ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, రాసేది తమిళం. మా తాత లారీ లెక్కల పుస్తకాలన్నీ తమిళ అక్షరాలతోనే ఉంటాయి. డీజిల్ ఫిల్టరు కొన్న చోటల్లా 'పిల్టర్' అని, దాని పక్కన 'తుణి' అనో 'పేపర్' అనో రాసి ఉంటుంది. ఇంట్లో మాత్రం అవి గుడ్డ ఫిల్టరు, కాగితం ఫిల్టరు. ఈ కాలపు డ్రైవరు పిల్లలకు ఈ మాటలు తెలియవు. ఎందుకంటే ఆ గుడ్డ ఫిల్టరే దాదాపు మాయమైపోయింది. అది ఎందుకు వచ్చింది, ఎందుకు పోయింది, ఇప్పుడు అంగడికి పోయి ఫిల్టరు కొనేవాడు ఏం చూడాలి అన్నది రాసిపెట్టుకుంటే మంచిదనిపించింది.

మనవాళ్ళు విజయనగరం, నాయకుల కాలంలో ఈ కొంగునాటికి వచ్చిన సంగతి మనకు కొత్త కాదు, దాన్ని మళ్ళీ ఎత్తుకోను. మెట్టసేద్యం విడిచి లారీ పట్టినవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. ఇది ఆ తరవాతి కథ.

డీజిల్ ఇంజను లారీకెక్కింది జర్మనీలో, 1923-24 ప్రాంతంలో. బెంజ్, మాన్ కంపెనీలు ఆ పని చేశాయి. 1927లో బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపులను వరసగా తయారు చేయడం మొదలుపెట్టాక డీజిల్ లారీ నిలదొక్కుకుంది. ఫిల్టరు అవసరం కూడా ఆ పంపు వల్లే వచ్చింది. పాత పెట్రోలు బండిలో కార్బురేటరుకు నలుసు అడ్డుపడితే విప్పి నోటితో ఊది మళ్ళీ బిగించేవాళ్ళు. డీజిల్ పంపు దగ్గర ఆ ఆటలు సాగవు. అందులో ప్లంజరుకీ, అది కదిలే బారెల్‌కీ నడుమ సందు 2 నుంచి 4 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు. కంటికి ఆనని ఇసుక నలుసు చాలు, అక్కడ గీత పడుతుంది. గీత పడితే ఒత్తిడి నిలవదు. ఒత్తిడి లేకపోతే డీజిల్ పొగమంచులా చిమ్మకుండా చుక్కలుగా కారుతుంది. ఇక నల్లపొగ, లాగుడు తగ్గడం, డీజిల్ ఎక్కువ తాగడం. దీనికి తోడు ఆ ప్లంజరుకు కందెన కూడా డీజిలే. మురికి డీజిల్ పోస్తే మురికి కందెన పోసినట్టే.

మన దేశంలో మద్రాసు దగ్గర ఎన్నూరులో 1948లో ఆస్టిన్ కార్లు బిగించడానికి పెట్టిన అశోక్ మోటార్స్, లేలాండ్ కంపెనీతో కలిసి 1955లో అశోక్ లేలాండ్ అయింది. జంషెడ్‌పూర్‌లో 1954లో టాటా వాళ్ళు బెంజ్ కంపెనీతో కలిసి లారీలు మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969లో ముగిసింది, ముందున్న నక్షత్రం పోయి 'టి' అక్షరం వచ్చింది. అయినా మా తాతకు అది చివరిదాకా 'బెంజి బండి'యే. వీటికి పంపులు, నాజిళ్ళు, ఫిల్టర్లు చేసిన మైకో బెంగుళూరులో 1951లో పుట్టింది. 2008లో దాని పేరు బాష్ అని మారింది. ఇప్పటికీ పాత మెకానిక్కులు 'మైకో ఫిల్టరు ఇవ్వు' అని అడుగుతారు, అంగడివాడు బాష్ డబ్బా తీసి ఇస్తాడు. ఇద్దరికీ అర్థమవుతుంది.

ఆ కాలపు బళ్ళలో ఇంజను పక్కన రెండు గిన్నెలు జంటగా వేలాడుతుండేవి. ట్యాంకు నుంచి వచ్చిన డీజిల్ మొదట గుడ్డ ఫిల్టరులోకి పోయేది. ఒత్తిన ఉన్నిలాంటి దళసరి గుడ్డ అది, పెద్ద మురికిని పట్టేది. తరవాత కాగితం ఫిల్టరు, సన్న నలుసులను ఆపేది. ఈ వరసలో లెక్క ఉంది. గుడ్డ చవక, కడిగి మళ్ళీ వేసుకోవచ్చు. అది ముందు నిలబడి మోటు మురికిని ఆపితే, ఖరీదైన కాగితం ఎక్కువ రోజులు వస్తుంది. గుడ్డను శుభ్రమైన డీజిల్‌లో పిండి, కింద చేరిన మడ్డి పారబోసి, గిన్నె తుడిచి బిగించడం కిలీనరు నేర్చుకునే మొదటి పనుల్లో ఒకటి.

కాగితం ఫిల్టరును మాత్రం కడగకూడదు. పంక్చరు అంగట్లో కంప్రెసరు గాలి కొట్టి దాన్ని మళ్ళీ వేసేవాళ్ళు ఎందరో ఉండేవాళ్ళు, ఇప్పటికీ ఉన్నారు. మా నైన దీని మీద పట్టుపట్టేవాడు. గాలి కొడితే మురికితో పాటు కాగితంలోని సన్న రంధ్రాలు కూడా చెదిరి పెద్దవవుతాయి. చూస్తే తెల్లగా ఉంటుంది, వడకట్టదు. మూసుకుపోయిన ఫిల్టరు బండిని ఆపుతుంది, ఆ నష్టం ఒక పూట. చిరిగిన ఫిల్టరు బండిని ఆపదు, పంపును తింటుంది. ఈ తేడా పట్టుకుంటే ఫిల్టరు బేరంలో సగం తెలిసినట్టే.

ఫిల్టరు మూసుకుపోయిన సంగతి చదును దారిలో తెలియదు. సేలం నుంచి ధర్మపురికి పోతూ తొప్పూరు ఘాటు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. నిండు లోడుతో యాక్సిలరేటరు మొత్తం తొక్కినా బండి ఊపిరాడనట్టు కునుకుతుంది. అప్పుడు ఫిల్టరు మార్చడం ఒక ఎత్తు, గాలి తీయడం ఇంకొక ఎత్తు. స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొడుతూ, బుడగలు పోయి డీజిల్ ఒకటే ధారగా వచ్చేదాకా కొడుతూనే ఉండాలి.

కిరసనాయిలు రోజులు వేరు. రేషను కిరోసిన్‌కు నీలిరంగు కలిపినా, ధరలో తేడా ఉన్నంతకాలం డీజిల్‌లో దాన్ని కలపడం ఆగలేదు. ఈ కల్తీని పట్టుకోబోయిన ఇండియన్ ఆయిల్ అధికారి మంజునాథ్‌ను 2005లో ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీలో చంపేశారు. ఆయన మన పక్క కోలారు బంగారు గనుల ఊళ్ళో పెరిగిన కుర్రవాడు. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఎంత మంచి ఫిల్టరూ కిరోసిన్‌ను వేరుచేయలేదు. ఫిల్టరు ఆపేది దుమ్మును, తగిన ఏర్పాటు ఉంటే నీటిని. డీజిల్‌లో కరిగిపోయినదాన్ని అది ఆపలేదు. కిరోసిన్‌లో జిడ్డు తక్కువ, కాబట్టి ఫిల్టరు కొత్తదైనా పంపు అరుగుతుంది. అందుకే మన పాత ఓనర్లు ఫిల్టరుకన్నా ముందు బంకును ఎంచుకునేవాళ్ళు.

తిరుచెంగోడు అంటే బోరు రిగ్గులు. రాయలసీమ, తెలంగాణ పల్లెల్లో తమిళనాడు నంబరు రిగ్గు చూడని రైతు అరుదు. అందులోనుంచి దిగి తెలుగు మాట్లాడేవాళ్ళలో మనవాళ్ళూ ఉంటారు. 'మీ తెలుగు ఏందన్నా ఇట్లుంది' అని వాళ్ళు నవ్వడం మనకు అలవాటే. రిగ్గు వెంట వచ్చే లారీలో పైపులతో పాటు డీజిల్ పీపాలు కూడా వస్తాయి. పీపా మూత తీసిన ప్రతిసారీ రాతిపొడి అందులో పడుతుంది, రాత్రి చలికి లోపల చెమ్మ పడుతుంది. రోడ్డు లారీ కన్నా రిగ్గుకు మంచి ఫిల్టరు ఎక్కువ అవసరం, దానికే చవక ఫిల్టరు వేస్తారు.

మా పెద్దనైన కొడుకు రిగ్గుకు ఒక అంగట్లో (పేరు ఎందుకులే) అసలు సరుకు పేరుతో నకిలీ అంటగట్టారు. అనంతపురం జిల్లాలో బోరు సగం దిగాక కంప్రెసరు ఇంజను పడిపోయింది. గాలి ఆగితే పైకి రావాల్సిన రాతిపొడి తిరిగి కిందికి జారి సుత్తిని పట్టేస్తుంది. పైపులు లోపల ఇరుక్కున్నాయి. రైతు అప్పుచేసి తెచ్చిన డబ్బు, మనవాళ్ళ పైపులు రెండూ ఆ గుంతలోనే. ఫిల్టరు విప్పి చూస్తే పైమూతకు కాగితం అంటించిన జిగురు ఊడి ఉంది. వడకట్టని డీజిల్ పక్కనుంచి నేరుగా పోయింది.

ఇక ఇప్పటి బళ్ళు. 1996కు ముందు మన డీజిల్‌లో గంధకం నూటికి ఒక వంతు దాకా ఉండేది. 2017 ఏప్రిల్‌లో దేశమంతటా బీఎస్-4 వచ్చేసరికి పది లక్షల్లో 50 వంతులకు, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6తో 10 వంతులకు తగ్గింది. డీజిల్ శుభ్రపడింది కదా, ఫిల్టరుతో పని తగ్గలేదా అని అడుగుతారు. తగ్గలేదు, పెరిగింది. ఇంజనే మారిపోయింది. పాత నాజిల్ సుమారు 200 బార్ దగ్గర తెరుచుకునేది. కామన్ రైల్ ఇంజనులో ఒత్తిడి 1600 నుంచి 2000 బార్ వరకు పోతుంది. ఆ ఒత్తిడిలో పాత బండి సహించిన నలుసు కూడా ఇంజెక్టరును కోసేస్తుంది. నీటి చుక్క పడితే తుప్పు. గుడ్డ ఫిల్టరు ఇక్కడే వెనకబడింది. దాని చోట నీటిని వేరుచేసే ఫిల్టరు, నీరు చేరితే డ్యాష్‌బోర్డు మీద వెలిగే దీపం వచ్చాయి.

కొనేటప్పుడు మోడలు పేరు చెప్పి అడిగితే చాలదు. బీఎస్-4 కాలంలో టాటా పెద్ద లారీలు కామన్ రైల్‌కు మారితే, అశోక్ లేలాండ్ చాలా బళ్ళలో పాతతరహా ఇన్‌లైన్ పంపునే ఉంచింది. ఒకే ఏడు కొన్న రెండు లారీలకు రెండు రకాల ఫిల్టర్లు అన్నమాట. పాత ఫిల్టరు మీదున్న నంబరు, బండి పుస్తకంలోని నంబరు, ఇంజను నంబరు, మూడూ రాసుకుని పోవాలి. మర కుదిరినంత మాత్రాన అది ఆ బండి ఫిల్టరు కాదు. బయటికి ఒకేలా కనిపించే రెండు డబ్బాల్లో ఒకటి 10 మైక్రాన్లది, ఇంకొకటి 5 మైక్రాన్లది కావచ్చు. 'ఇదీ ఎక్కుతుంది సార్' అనే మాట అంగట్లో వినబడితే లేచి వచ్చేయడం మేలు.

చేతిలోకి తీసుకున్నాక రబ్బరు ఉంగరం మెత్తగా ఉందా, మడతలు సమంగా ఉన్నాయా, జిగురు చుట్టూ తెగకుండా ఉందా చూడండి. సగం ధరకు అసలు సరుకు రాదు. బిల్లు అడగండి, బిల్లు ఇవ్వననే చోట కొనకండి. మార్చేటప్పుడు కామన్ రైల్ బండి కొత్త ఫిల్టరును క్యానులోని డీజిల్‌తో నింపి బిగించకండి. పాత బళ్ళకు అది చెల్లింది. ఇక్కడ అలా చేస్తే వడకట్టని డీజిల్ మధ్య రంధ్రం గుండా నేరుగా శుభ్రమైన పక్కకు పోతుంది. ఖాళీగా బిగించి, బండికున్న పంపుతోనే నింపాలి.

ఖాళీ డబ్బాను అలాగే పారేయకండి. నకిలీవాళ్ళకు కావలసింది ఆ డబ్బానే. మా నైన దాన్ని నాలుగు ముక్కలు చేసేవాడు, పాత ఫిల్టరుకు స్క్రూడ్రైవరుతో రెండు పోట్లు పొడిచాకే పాత ఇనుము అంగడికి పంపేవాడు. ఇప్పుడు మా తమ్ముడూ అదే చేస్తున్నాడు.